పేజీ బయట పెట్టిన పేరా

మా అక్క ఫోన్ చేసిందంటే ముందు తిడుతుంది, ఆ తరవాతే పలకరిస్తుంది. వారం రోజులు నేను ఫోన్ చెయ్యలేదని ఒక తిట్టు, చేసినా గొంతు సరిగా లేదని ఇంకో తిట్టు. మొన్న మాఘమాసంలో ఒక ఉదయం మాత్రం తిట్టకుండా మొదలుపెట్టింది. అప్పుడే నాకు భయం వేసింది.

"ఒరేయ్, పాప నన్నేమని పిలిచేదిరా?" అంది.

నేను పేటలో నా డీటీపీ షాపులో ఉన్నాను. ఎవరిదో గృహప్రవేశం కార్డు, ప్రూఫు చూస్తున్నాను. తన కొడుకు పేరు చిన్నగా పడిందని ఆ ఇంటాయన ఎదురుగా కూర్చుని సణుగుతున్నాడు. "అమ్మా అని పిలిచేది, ఇంకేమని పిలుస్తుందే?" అన్నాను విసుగ్గా.

"అమ్మా అని కాదురా. ఇంకేందో ఉండేది. దాని సొంత పిలుపు. నోటిదాకా వస్తంది, బయటికి రావట్లా. పొద్దుట్నించీ ఇదే ఏడుపు నాకు. పుస్తకం నీ దగ్గరుందిగా, చూసి చెప్పు."

"సాయంత్రం చెప్తాలే," అని పెట్టేశాను. ఆ పిలుపు నాకూ గుర్తు లేదు.

పాప మా అక్క కూతురు. ఒక్కతే కూతురు. మూడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం, నాలుగో రోజు చచ్చిపోయింది. ఇది జరిగి ఇరవై రెండేళ్ళయింది. ఇప్పటికీ "చచ్చిపోయింది" అని రాయడానికి నాకు చెయ్యి రాదు, అయినా రాస్తున్నాను. పోయింది, దాటిపోయింది అని మెత్తమెత్తగా చెప్పుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

అక్కది మార్టూరు దాటాక లోపలికి వెళ్ళే ఊరు. పత్తీ మిర్చీ వేసే ఇల్లు. చదివింది పదో తరగతే అయినా అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. పాపకి మాటలు వచ్చిన రోజు నుంచీ ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుని, అది ఏ రోజు ఏం మాట్లాడిందో రాసుకునేది. పెద్ద విషయాలేమీ కావు. దోసె ఎందుకు గుండ్రంగా ఉంటుంది, తేలుకి వాళ్ళమ్మ ముద్దు ఎలా పెడుతుంది, అలాంటివి. ఆ నోటుబుక్కు నిండా అక్కడక్కడా ఆ పిలుపు ఉండేది. అక్కని అది అలా పిలుస్తుంటే మేమంతా నవ్వేవాళ్ళం. నవ్విన సంగతి గుర్తుంది, పిలుపు గుర్తు లేదు. ఏం బతుకులో!

పాప చచ్చిపోయిన ఏడాదికి అక్క ఆ నోటుబుక్కు గుడ్డసంచీలో పెట్టుకుని బస్సెక్కి నా షాపుకి వచ్చింది. "ఇది అచ్చు వెయ్యరా. పది కాపీలు చాలు. ఎవరికీ పంచడానికి కాదు, నా దగ్గరుండాలి," అంది. నాలుగు వారాల్లో మొత్తం నేనే కంపోజ్ చేశాను. నలభై ఆరు పేజీలు వచ్చాయి. మీరు అడగొచ్చు, అంత టైపు చేసినవాడివి ఆ ఒక్క మాట ఎలా మర్చిపోయావయ్యా అని. మా పనిలో వేళ్ళు చదువుతాయి, బుర్ర చదవదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైపు చేసి ఇంటికెళ్ళాక ఏం చేశావని అడిగితే చెప్పలేం. అప్పుడు మాత్రం బుర్ర చదవకపోవడమే నాకు మేలనిపించింది. చదివితే టైపు చెయ్యలేకపోయేవాణ్ణి.

ప్రూఫులు చూడటానికి అక్క రెండుసార్లు వచ్చింది. రెండోసారి ఒక పేరా మీద వేలు పెట్టి, "ఇది ఇక్కడొద్దురా, చివర్న పెట్టు. దీంతో అయిపోవాలి పుస్తకం," అంది. సరేనని ఆ పేరాని కత్తిరించి పేజీ పక్కకి తీసిపెట్టాను. మేము వాడే పాత సాఫ్ట్‌వేర్‌లో పేజీ చుట్టూ ఖాళీ స్థలం ఉండేది. బల్ల మీద కాయితం ఉంటే దాని పక్కన మిగిలిన బల్ల ఉన్నట్టు. ఇప్పటికి అక్కర్లేనివి, తరవాత వాడుకునేవి అక్కడ పడేసుకుంటాం. అక్కడ ఉన్నది అచ్చులో పడదు.

చివర్న పెట్టడానికి వీలవనే లేదు. ఆ మర్నాడు మా బావగారు షాపుకి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "బావమరిదీ, ఆ పుస్తకం ఆపెయ్. పొద్దస్తమానం ఆ నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటంది. నోట్లోకి ముద్ద పోవట్లా. ఇంక నా వల్ల కాదు," అన్నారు. అప్పటికే ఆయన పాప బట్టలూ, పలకా, ఆ నోటుబుక్కూ అన్నీ మూటకట్టి కాలవలో వదిలేసి వచ్చారు. పోయిన పిల్లల వస్తువులు కళ్ళముందు ఉండకూడదని పెద్దవాళ్ళు ఎవరో చెప్పారట. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తీరా ఆయన మొహం చూస్తే నాకేమీ అనబుద్ధి కాలేదు. ఆయన కూడా తండ్రే. ఆయనా పోయి ఆరేళ్ళవుతోంది.

అక్క దగ్గరికి వెళ్ళి, "నోటుబుక్కు పోతే పోయింది. మొత్తం నా కంప్యూటర్లో ఉంది. నేను బతికున్నన్నాళ్ళూ దానికేం కాదు," అని చెప్పాను. అక్క మళ్ళీ అచ్చు మాట ఎత్తలేదు. ఏ పెళ్ళిలోనో, ఏ అన్నప్రాసనలోనో కలిసినప్పుడు నన్ను ఓ పక్కకి లాక్కెళ్ళి, "ఉందిగా?" అని అడిగేది. "ఉందక్కా," అనేవాణ్ణి. అంతే. వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చుని మళ్ళీ మామూలుగా మాట్లాడుకునేది. ఇరవయ్యేళ్ళు ఇలాగే నడిచింది.

అక్క ఆ పిలుపు అడిగిన రోజు సాయంత్రం బీరువాలోంచి పాత హార్డ్ డిస్క్ తీశాను. ఆ కంప్యూటర్ ఎప్పుడో కాలిపోయింది, డిస్క్ మాత్రం విప్పి దాచుకున్నాను. ఏదో దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా దాని మీద ఉంది. కేబుల్ పెట్టి కొత్త మెషీన్‌కి తగిలిస్తే బుద్ధిగా తెరుచుకుంది. ఫైళ్ళన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన "అక్క" అని ఇంగ్లీషు అక్షరాల్లో నేను పెట్టిన పేరు. ఎంత సంతోషం వేసిందో! నొక్కాను. తెరవను పొమ్మంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి బలవంతంగా లాగితే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ వచ్చి పడ్డాయి. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలకి సొంత ఇల్లు ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు అతికించేవాళ్ళు. ఆ ఫాంటూ, ఆ సాఫ్ట్‌వేరూ, ఆ విండోసూ ఉంటేనే అది తెలుగు. లేకపోతే చెత్త. పాత సాఫ్ట్‌వేర్ కొత్త మెషీన్‌లో ఎక్కిద్దామని రెండు రోజులు కుస్తీ పట్టాను. ఎక్కలేదు. దాన్ని నేను తిట్టిన తిట్లకి పక్క జెరాక్సు షాపాయన లేచొచ్చి తొంగి చూశాడు.

గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడొకడు ఉన్నాడు. నా ఈడువాడే. డిస్క్ పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళాను. వాడు అంతా విని, "దీనికింత గోలెందుకురా? కొత్త మెషీన్ లోపల ఒక ఉత్తుత్తి మెషీన్ పెడదాం," అన్నాడు.

"ఉత్తుత్తి మెషీన్ ఏందిరా?"

"వర్చువల్ మెషీన్. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. నిజంగా ఉండదు, ఉన్నట్టు నడుస్తది. దాంట్లో పాత విండోస్ ఎక్కిస్తాం. దానికి పాపం బయట కాలం మారిందని తెలవదు. ఇంకా ఆ రోజుల్లోనే ఉన్నాననుకుని నీ ఫైలు తెరుస్తది."

"ఒరేయ్, నీకు పుణ్యముంటది," అన్నాను. ఒక చిక్కు మాత్రం ఉందన్నాడు. తెలుగు కొట్టడానికి విడిగా వాడే సాఫ్ట్‌వేర్‌కి తాళం లాగా చిన్న లాకు ఉండేది. కంప్యూటర్ వెనక ప్రింటరు తగిలించే చోట దాన్ని గుచ్చితేనే తెలుగులో టైపు చెయ్యనిచ్చేది. ఇప్పటి లాప్‌టాపులకి అసలు ఆ చోటే లేదు. "కాబట్టి చదవగలవు. కొత్తగా ఒక్క అక్షరం కొట్టలేవు," అన్నాడు. నాకు కొట్టే పనేముంది? చదివితే చాలు, ఒక్క మాట వెతికితే చాలు అన్నాను.

పాత విండోస్ సీడీ కోసం వాడు, పేజీల సాఫ్ట్‌వేర్ సీడీ కోసం నేను వెతుక్కునేసరికి నెల పైన పట్టింది. ఆ నెలలో అక్క రోజూ ఫోన్ చేసేది. "తెరుచుకుందా?" "ఇంకా లేదక్కా." మొదట్లో రోజుకోసారి, తరవాత పూటకోసారి. ఒకరోజు ఒకే ఫోన్‌లో రెండుసార్లు అడిగింది. ఇప్పుడే చెప్పానుగా అంటే, "ఎప్పుడు చెప్పావురా, అబద్ధాలకోరు!" అని తిట్టింది. నేను నవ్వాను. నవ్వి ఫోన్ పెట్టేశాక, అక్క వేళాకోళం ఆడలేదని తట్టింది. అక్కని కనిపెట్టుకుని ఉండేది పక్క వాకిట్లో ఉండే తన తోడికోడలు. ఆవిడ ఒంగోలు డాక్టరుకి చూపించి నాకు ఫోన్ చేసింది. "మతిమరుపు జబ్బంట అన్నయ్యా. ఇంకా పెరుగుద్దంట. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతంది, మొన్న మా ఇంటికొచ్చి తిరిగి పోను దారేదని అడిగింది," అని చెప్పింది. పక్కనే కనిపించే ఇల్లు!

అందుకే అక్కకి ఆ పిలుపు అంత అవసరమైంది. చేతిలోంచి ఒక్కొక్కటీ జారిపోతున్నాయని తనకి తెలుసు. పాపని మాత్రం గట్టిగా పట్టుకోవాలనుకుంది.

ఫైలు తెరుచుకున్నది ఒక మధ్యాహ్నం, మా వాడి షాపులో. లాప్‌టాప్ తెరలో ఇంకో చిన్న తెర వచ్చింది. అందులో పాత విండోస్ లేచి, ఆ పాత పలకరింపు మోత మోగింది. నా షాపు మొదలుపెట్టిన రోజులు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఫాంట్లు ఎక్కించాం. "అక్క" మీద రెండుసార్లు నొక్కాను. గుండ్రటి, నల్లటి తెలుగు అక్షరాలు వచ్చాయి.

"మిరపలో బొబ్బర తెగులు నివారణ."

వేరే ఫైలు తెరిచాననుకున్నాను. పేరు చూశాను, అదే. పేజీ తిప్పాను. తామర పురుగులు. ఇంకోటి తిప్పాను. నల్లి. నారుమడి యాజమాన్యం. పదహారు పేజీలు, అంతా మిరపే. తరవాత ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎవరో గుర్తుచేసినట్టు కాదు, చెంప మీద కొట్టినట్టు.

మా డీటీపీ వాళ్ళకి ఒక అలవాటు ఉంది. కొత్త పని వస్తే కొత్త ఫైలు మొదలుపెట్టం. అదే సైజులో చేసిన పాత ఫైలు తెరిచి, అందులో ఉన్నది చెరిపి, కొత్తది పోస్తాం. మార్జిన్లూ గీతలూ అన్నీ ముందే ఉంటాయి, సగం పని తప్పుతుంది. ఒకరి శుభలేఖలో ఇంకొకరి ముహూర్తం ఉండిపోయేది ఇందుకే. తెరవగానే వేరే పేరుతో దాచుకోవాలి, అది పద్ధతి. బావగారు వచ్చివెళ్ళాక ఒకరోజు విత్తనాల షాపాయన నారు పోసే రోజులు వచ్చేశాయి, కరపుస్తకం సాయంత్రానికి కావాలని నెత్తిన కూర్చున్నాడు. బుక్కు సైజు ఫైలు కావాలి. జాబితాలో అన్నిటికన్నా పైన కనపడింది అక్క ఫైలు. తెరిచాను, పేజీల్లో పోసి ఉన్న రాతంతా, మా భాషలో కథంటాం, ఎంచి చెరిపాను, మిరప పోశాను. వేరే పేరు పెడదాంలే అనుకున్నాను. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. రెండు లైన్లకోసారి సేవ్ నొక్కడం నా వేళ్ళకి ఊపిరి తీసుకోవడం లాంటిది. నా వేళ్ళు వాటి పని అవి చేసేశాయి. ఆ తరవాత జాగ్రత్త కోసమని సీడీల్లోకి ఎక్కించుకున్నవన్నీ ఈ మిరప ఫైలు కాపీలే.

అంటే ఇరవయ్యేళ్ళు "ఉందక్కా, ఉందక్కా" అన్నాను. లేదు. అక్క మొదటిసారి అడిగేనాటికే లేదేమో. నా చేతులు విరిచేసుకోవాలనిపించింది. ఛీ, నా బతుక్కి! బావగారు కాలవలో వదిలారని ఆయన మీద ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నాను. నేను చేసిందేమిటి?

మా వాడు మౌసు తీసుకుని పేజీని చిన్నది చేశాడు. "ఒరేయ్, ఆ పక్కన ఏదో ఉంది చూడు," అన్నాడు.

పేజీ బయట, ఆ ఖాళీ స్థలంలో, చిన్న ముక్క. చివర్న పెట్టమని అక్క అడిగిన పేరా. విడిగా పక్కకి పెట్టింది కాబట్టి కథంతా చెరిపినప్పుడు దాని జోలికి వెళ్ళలేదు. అచ్చులో పడదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళూ తామర పురుగుల పక్కన అలాగే పడి ఉంది. దాన్ని ఇక్కడ అలాగే రాస్తున్నాను:

"ఇయ్యాల పత్తి తీతలకి పాపని కూడా తీసుకెళ్ళాం. చలిగా ఉందని తువ్వాలు కప్పాను. కాసేపు ఊరికే చూసి వాళ్ళ నాన్నని అడిగింది, నాన్నా, పత్తిచెట్టుకి చలేస్తే ఏం కప్పుతాం, దాని దుప్పటి మనం పీక్కుంటున్నాం కదా అని. ఇంటికొచ్చాక చూస్తే తువ్వాలు లేదు. కొత్త తువ్వాలు. ఎక్కడేశావే అంటే చెప్పదు. మళ్ళీ చేనుకి పోయి చూశాం. చివరి సాలులో అన్నిటికన్నా చిన్న మొక్కకి కప్పి, ఎగిరిపోకుండా మట్టిగడ్డలు పెట్టొచ్చింది."

ఎన్నిసార్లు చదివినా ఇంతే. ఆ పిలుపు ఇందులో లేదు. ఇది వాళ్ళ నాన్నతో మాట్లాడిన రోజు.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని అక్క ఊరు వెళ్ళాను. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అబద్ధం చెప్పాలని దారిపొడుగునా అనుకున్నాను. తీరా అక్క ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తుంటే నోరు రాలేదు. ఆ ఒక్క పేరా చదివాను. విని నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మిగతాది?" అంది.

"లేదక్కా. నేనే చెరిపేశాను. తెలియకుండా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. తోడికోడలు నన్ను వాకిట్లోకి పిలిచి, "ఎందుకు చెప్పారన్నయ్యా? ఇంకెన్నాళ్ళు గుర్తుంటదని?" అంది.

మంగళవారం ఫోన్ మోగింది. "ఏరా, చచ్చావా బతికావా? ఫోన్ చెయ్యడానికి చేతులు పడిపోయినయ్యా? పుస్తకం తెరుచుకుందా లేదా?"

అదే పాత గొంతు. అవే తిట్లు. ఏమీ గుర్తు లేదు అక్కకి. మళ్ళీ చెప్పనా? మళ్ళీ గోడవైపు తిప్పి పడుకోబెట్టనా? ఎన్నిసార్లు?

"కొంచెం కొంచెంగా తెరుచుకుంటోందక్కా. ఒక పేరా వచ్చింది. ఆదివారం తెస్తా," అన్నాను.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం తెస్తున్నాను. ఆ పేరా ఎప్పుడో ఫోన్లో ఎక్కించుకున్నాను గానీ, ఫోన్లోది చదివితే అక్క ఒప్పుకోదు. పుస్తకం తెరిచి చదవమంటుంది. అందుకని ఉత్తుత్తి మెషీన్ లేపుతాను. ఆ పాత మోత మోగుతుంది. అక్క పీట జరుపుకుని దగ్గరికొస్తుంది. మిరప పేజీ కనపడకుండా ముందే పక్కకి జరిపి, ఆ ముక్క ఒక్కటే తెర నిండా పెడతాను. చదువుతాను. తువ్వాలు దగ్గరికి రాగానే అక్క ప్రతిసారీ కొత్తగా నవ్వుతుంది. "గడుగ్గాయి! నా కొత్త తువ్వాలురా అది!" అంటుంది. నేనూ అప్పుడే విన్నట్టు నవ్వుతాను. ఏడుపు బస్సులో ఏడుస్తాను.

నవ్వాక ప్రతిసారీ అడుగుతుంది, "ఇందులో నన్నేమని పిలిచిందిరా?" అని. ఒక వారం ఇక తట్టుకోలేక, "అమ్ముడూ అంది కదక్కా," అని కల్పించి చెప్పాను. అక్క ఆ మాటని నోట్లో వేసుకుని రెండుసార్లు పలికి చూసింది. తల అడ్డంగా ఊపింది. "కాదురా. అది కాదు," అంది. ఏదో తెలియదు గానీ, ఏది కాదో తెలుసు. మళ్ళీ ఎప్పుడూ కల్పించలేదు.

పోయిన ఆదివారం చదవడం అయ్యాక, "ఇంకా ఎన్ని పేజీలున్నయ్యిరా?" అంది.

"చాలా ఉన్నాయక్కా."

"అయితే ఆ పిలుపున్న పేజీ చూసి తీసుకురా. చివరిదాకా ఆగలేను నేను."

సరేనన్నాను. లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకున్నాను. అక్క గేటు దాకా వచ్చింది. తోడికోడలు వినకుండా నన్ను ఓ పక్కకి లాగి, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉందిగా?" అంది.

"ఉందక్కా," అన్నాను.